రంగుల కొండచిలువలు: సంతానానికి జత ఎంపిక

అమెరికాలో సరీసృపాలను పెంచేవారు జరిపే సంతలలో ఒక విచిత్రం కనిపిస్తుంది. మూడు పెట్టెలలో మూడు పాముపిల్లలు ఉంటవి. మూడూ ముదురు గోధుమవన్నెవే. వాటిపై బంగారువన్నె మచ్చలు ఒకే తీరున ఉంటవి. ఎంత పరీక్షగా చూచినా ఒకదానికీ మరొకదానికీ భేదం తెలియదు. అయినను మొదటిది చవక. రెండవదాని వెల దానికి కొన్ని రెట్లు. దాని పెట్టెమీద “అల్బినోకు 100 శాతం హెట్” అని వ్రాసి ఉంటుంది. మూడవదాని వెల ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. దానిమీద “66 శాతం హెట్” అని ఉంటుంది. కంటికి కనబడని గుణానికి వెల కట్టడమెట్లు? ఒక పాము 66 శాతం ఏదైనా కావడమెట్లు? ఇది తెలిసినవానికే పాములలో మంచి జతను ఎన్నుకొనడం సాధ్యం. తెలుసుకొనడానికి ఉన్నత పాఠశాలలో చెప్పే మెండెల్ సూత్రాలే చాలావరకు సరిపోతవి. సరిపోని చోట్లు కొన్ని ఉన్నవి. అసలు రుచి వాటిలోనే ఉంది.

ఈ పాము శాస్త్రనామం పైథాన్ రీజియస్. 1802లో జార్జ్ షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించాడు. రీజియస్ అనగా రాజుకు చెందినది. అందుచేత బ్రిటనులో దీనిని రాజ కొండచిలువ అంటారు. బెదిరినప్పుడు తలను లోపలికి దాచుకొని ఒడలంతా బంతివలె చుట్టుకొంటుంది కనుక అమెరికావారికి ఇది బంతి కొండచిలువ. పశ్చిమాన సెనెగల్ మొదలుకొని తూర్పున ఉగాండా వరకు గల గడ్డిమైదానాలూ, పలుచని అడవులూ దీని స్వస్థానం. మన అడవులలోని కొండచిలువ మూడు మీటర్లకు మించి పెరుగుతుంది గాని ఇది మీటరు, మీటరున్నర పొడవుకు మించడం అరుదు. పగలు బొరియలలో దాగి, రాత్రివేళ ఎలుకల వంటి చిన్న జంతువులను వేటాడుతుంది. విషం లేదు. కరవడంకంటె ముడుచుకొనడమే దీనికి అలవాటు. బెనిన్ దేశంలో విదా అనే పట్టణాన ఈ పాములకు గుడియే ఉంది. మన ఊళ్ళలో నాగులచవితినాడు పుట్టలో పాలు పోసినట్లే అక్కడివారు వీటిని పూజ్యభావంతో చూస్తారు. ఆ బెనిన్ నుండీ, ఇరుగుపొరుగున ఉన్న టోగో, ఘనా దేశాలనుండీ ఇవి లక్షల సంఖ్యలో విదేశాలకు ఎగుమతి అయినవి.

అట్లు వచ్చిన లక్షలాది గోధుమవన్నె పాములలో ఎప్పుడో ఒకటి వింతరంగుతో కనిపించేది. వింతగా ఉన్నంతమాత్రాన అది వంశపారంపర్యమైన గుణమని చెప్పడానికి వీలులేదు. గ్రుడ్లు పొదిగేటప్పుడు వేడిమిలో కలిగిన ఎచ్చుతగ్గులవలన గూడ పిల్లల ఒంటిమీది గీతలు చెదరవచ్చును. కనుక ఆ పామును పెంచి, మామూలు పాముతో జతకట్టించి, పిల్లలను తిరిగి తల్లితోనో తండ్రితోనో కలిపి చూడవలెను. ఈ విధంగా అల్బినో పాము సంతానంలో తిరిగి అల్బినో పిల్లలు 1992లో పుట్టినవి. తెల్లని పట్టెలు గల పైబాల్డ్ రకం కూడా వారసత్వ గుణమేనని 1997లో తేలింది. నేటికి ఇట్టి మూలభేదాలు కొన్ని వందలు, వాటి కలయికలు కొన్ని వేలు అయినవి. పెంపకందారులు ఒక్కొక్క భేదాన్ని మార్ఫ్ అంటారు. మనం రంగుభేదం అనుకోవచ్చును.

ఈ రంగుభేదాలు వారసత్వరీతినిబట్టి మూడు తెగలు. అల్బినో, పైబాల్డ్ అంతర్గత గుణాలు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు మార్పుచెందిన జన్యువులూ కూడినప్పుడే ఇవి బయటపడతవి. ఒకటే ఉన్న పామును శాస్త్రంలో విషమయుగ్మజం అంటారు. సంతలోని “హెట్” అదే. అది చూపులకు మామూలు పామే. రెండవ తెగలోని జన్యువు ఒకటి ఉన్నా రూపం మారుతుంది. రెండు కూడితే ఇంకొక రూపమే వస్తుంది. చంద్రకాంత మొక్కలలో ఎరుపు, తెలుపు పూలవాటిని సంకరం చేస్తే గులాబిరంగు పూలు పూయడం విద్యార్థులు చదివినదే. మొజావే అనే రంగుభేదం ఇట్టిది. ఒక మొజావే జన్యువు ఉన్న పాము కొంత లేత వన్నెతో, మారిన మచ్చలతో ఉంటుంది; రెండు ఉన్న పాము మచ్చలేని తెల్లని ఒళ్ళు, నీలికళ్ళు గలదై పుడుతుంది. వర్తకులు ఈ తెగను “కోడామినెంట్” అంటారు గాని అది శాస్త్రీయంగా సరికాదు. ఇది అసంపూర్ణ బహిర్గతత్వం. మూడవ తెగ పూర్తి బహిర్గత గుణాలది. ఒక జన్యువుతోనే రూపం పూర్తిగా మారుతుంది. పిన్‌స్ట్రైప్ అనే రకాన్ని ఈ తెగకు చెందినదిగా చెప్తారు.

ఇప్పుడు పెట్టెమీది అంకెలకు వద్దాము. అల్బినోను మామూలు పాముతో కలిపితే పుట్టే పిల్లలన్నీ తప్పక విషమయుగ్మజాలు. అందుచేత అవి “100 శాతం హెట్”. అట్టివి రెండింటిని కలిపితే నాలుగింట ఒకటి అల్బినో, రెండు హెట్, ఒకటి శుద్ధమైన మామూలు పాము అవుతవి. అల్బినో కంటికే తెలుస్తుంది కనుక దానిని తీసివేయగా మిగిలిన మూడింటిలో రెండు హెట్‌లు. ఏ రెండో తెలియదు. అందుచేత ఒక్కొక్కదానిమీద “66 శాతం” అని వ్రాస్తారు. ఇది పాములోని గుణం కొలత కాదు; దానినిగూర్చి మనకు గల జ్ఞానపు కొలత మాత్రమే. ఆ పాము హెట్ అయినా కావాలి, కాకపోయినా కావాలి. మూడింట రెండుపాళ్ళు హెట్ అయిన పాము ఎక్కడా లేదు. తరగతిలో దీనిని రెండు నాణేలతో చూపవచ్చును. ఒక నాణెం తల్లి, ఒకటి తండ్రి. రెండూ బొరుసు పడితే అల్బినో. ఆరు మారులు వేస్తే ఆరు గ్రుడ్ల పొదుగు ఒకటి అయినట్లు. ఇట్లు నలుగురు విద్యార్థులు వేసి చూస్తే ఒకరికి మూడు అల్బినోలు రావడం, మరొకరికి ఒక్కటీ రాకపోవడం జరుగుతుంది. మెండెల్ నిష్పత్తి వేలకొలది బఠాణీలలో కనిపించినట్లు ఆరు గ్రుడ్లలో కనిపించదు. ఈ పాము సాధారణంగా అరడజను గ్రుడ్లే పెడుతుంది. పెంపకందారు ఆశాభంగాలకు సగం కారణం ఇదే.

మరి 66 శాతం పాములో నిజమేదో తేల్చడమెట్లు? దానిని అల్బినోతో కలిపి చూడడమే పాతపద్ధతి. ఒక్క అల్బినో పిల్ల పుడితే సందేహం తీరినట్లే. ఒక్కటీ పుట్టకపోతే? ఇట్టి 192 ఆడపాములు ఉన్నవనుకొందాము. వాటిలో 128 హెట్‌లు, 64 మామూలువి. ఒక్కొక్కటి ఆరేసి గ్రుడ్లు పెట్టిందనుకొంటే, హెట్ తల్లికి ఆరు పిల్లలూ మామూలువే కావడానికి గల అవకాశం 64లో ఒకటి. కనుక 128లో రెండుమాత్రమే మనలను మోసగిస్తవి. మామూలు తల్లులు 64కూ ఎటుదిరిగీ అల్బినో పుట్టదు. అనగా అల్బినో పిల్లలేని 66 తల్లులలో రెండే హెట్‌లు. 66 శాతంగా ఉన్న నమ్మకం ఒక్క పొదుగుతో 3 శాతానికి పడిపోయింది. కాని ఆ ఒక్క పొదుగుకై వేచి ఉండవలసిన కాలం తక్కువ కాదు. ఆడపిల్ల ఈడుకు రావడానికి సుమారు మూడేళ్ళు పడుతుంది; గ్రుడ్లు పొదగడానికి మరి రెండు నెలలు.

ఇటీవల దీనికి దగ్గరదారి ఏర్పడింది. అమెరికాలో ఈస్టరన్ మిషిగన్ విశ్వవిద్యాలయంవారు పెంపకందారులనుండి పాములు విడిచిన కుబుసాలను తెప్పించుకొని, వాటిలోని డి.ఎన్.ఎ.ను పరీక్షించి, 2022లో ఫలితాలు ప్రకటించారు. కాలేజీ విద్యార్థులు కూడా ఆ పనిలో పాల్గొన్నారు. అల్బినో పాములలో మార్పుచెందినది టైరోసినేజ్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువు అని అందులో తేలింది. మెలనిన్ అనే నల్లని వర్ణద్రవ్యం తయారీలో మొదటి మెట్టు ఈ ఎంజైముదే. మనుష్యులలో పుట్టుకతో ఒళ్ళు, వెండ్రుకలు తెల్లనై ఉండే స్థితికి గల కారణాలలో ఒకటి ఇదే జన్యువులోని లోపం. పాముకూ మనిషికీ ఒకే జన్యువులో ఒకే తీరు లోపం! లావెండర్ అల్బినో అనే మరొక రంగుభేదం వేరొక జన్యువునుండి వచ్చినదని కూడా ఆ పరిశోధనలోనే తెలిసింది. అందుచేత అల్బినోను లావెండర్ అల్బినోతో కలిపితే పిల్లలన్నీ మామూలు రంగులోనే పుడతవి. పేరు చూచి కొన్నవాడు విస్తుపోతాడు. నేడు కొన్ని రంగుభేదాలకు కుబుసం ముక్కతోనే పరీక్ష చేయించవచ్చును. పామును ముట్టుకోనవసరం కూడ లేదు.

ఒక గుణానికి బదులు రెండింటిని కోరినవానికి లెక్క మరింత కఠినం. అల్బినో, పైబాల్డ్ రెండూ కూడిన పిల్ల కావలెనని రెండింటికీ హెట్ అయిన జతను కలిపితే, అట్టి పిల్ల 16లో ఒకటి. ఆరు గ్రుడ్లలో ఒక్కటైనా రావడానికి అవకాశం 32 శాతం మాత్రమే. తల్లిదండ్రులలో ఒకటి ఒక గుణాన్ని బాహ్యంగా చూపి రెండవదానికి హెట్ అయితే, ఆ 16లో ఒకటి 8లో ఒకటి అవుతుంది. అందుచేత చవకగా వచ్చే రెండు హెట్‌ల కంటె ఖరీదైన ఒక మంచి పామును కొనడమే తరచు లాభసాటి. డబ్బు తిరిగి సంపాదించవచ్చును గాని మూడేళ్ళ కాలం తిరిగిరాదు.

బనానా అనే పసుపువన్నె రకం విషయంలో పెంపకందారులు చాలాకాలం తికమకపడ్డారు. కొన్ని మగ బనానా పాములకు పుట్టిన బనానా పిల్లలు దాదాపు అన్నీ మగవే. మరికొన్నింటికి దాదాపు అన్నీ ఆడవే. వర్తకులు వీటికి “మగవాటిని కనేది”, “ఆడవాటిని కనేది” అని పేర్లుపెట్టి సరిపుచ్చుకొన్నారు. సర్పాలన్నింటిలోను లింగాన్ని నిర్ణయించే భిన్న క్రోమోసోములు ఆడదానికే ఉంటవని అప్పటివరకు పాఠ్యగ్రంథాల మాట. 2017లో ఒక బోవా, ఒక కొండచిలువ జాతులను పరిశీలించగా వాటిలో మనుష్యులలోవలె మగదానికే ఎక్స్, వై క్రోమోసోములు ఉన్నట్లు కనుగొన్నారు. దానితో చిక్కుముడి విడిపోయింది. బనానా జన్యువు లింగక్రోమోసోముమీదనే ఉంది. మగపాముకు అది తండ్రినుండి వచ్చినదైతే వై మీద ఉంటుంది, కనుక కొడుకులకు పోతుంది. తల్లినుండి వచ్చినదైతే ఎక్స్ మీద ఉంటుంది, కనుక కూతుళ్ళకు పోతుంది. క్రోమోసోములు ముక్కలు మార్చుకొన్నప్పుడు ఎప్పుడో ఒక పిల్ల ఈ నియమం తప్పుతుంది. మగ బనానాను కొనేవాడు దాని రంగుకంటె ముందు, ఆ రంగు తల్లిదా తండ్రిదా అని అడగడంలో అర్థం ఇదే. పుస్తకంలో లేని సంగతి ముందుగా లెక్కల చిట్టాలలో కనిపించడం శాస్త్రచరిత్రలో క్రొత్త కాదు.

ఇంతవరకు చెప్పినది లెక్క. లెక్కలన్నీ సరిపోయినా ఎంపిక తప్పు కావచ్చునని చూపేది స్పైడర్ అనే రంగుభేదం కథ. ఆఫ్రికానుండి వచ్చిన ఒక పాముతో 1999లో ఇది మొదలైంది. బంగారువన్నె ఒంటిపై సాలెగూటి దారాలవంటి సన్నని నల్లగీతలు, చూడ ముచ్చటైనది. పైగా ఒక జన్యువు ఉంటే చాలును, పిల్లలలో సగం స్పైడర్లే. ఇతర రంగులతో కలిపితే ఇంకా వింత అందాలు వచ్చినవి. కొద్ది సంవత్సరాలలో వేలకొలది స్పైడర్ పాములు లోకమంతా వ్యాపించినవి.

అయితే వాటి తల వణుకుతుంది. కొన్నింటిలో ఇది ఆహారం చూచి ఉద్రేకపడినప్పుడు మాత్రమే కనబడే స్వల్పమైన ఊపు. కొన్నింటిలో తల తలక్రిందులై మెలితిరుగుతుంది. ఎలుకపై గురిపెట్టి పట్టబోయి ప్రక్కన పడుతుంది. వెల్లకిల వేస్తే సులభంగా బోర్లపడలేదు. కొంతకాలం పెంపకందారులు దీనిని దగ్గర సంబంధాల దోషమనుకొన్నారు. సంబంధంలేని పాములతో తరతరాలు కలిపారు, వణుకు పోలేదు. వణుకు జన్యువు వేరై రంగు జన్యువు ప్రక్కన ఉన్నదే అయితే, ఇన్ని వేల సంతానంలో ఎక్కడో ఒకచోట ఆ రెండూ విడిపోవలసినది. అట్లు జరగలేదు. కనుక గీతలను గీసే జన్యువే తలను వణికిస్తున్నదని అనుకోవలసి వచ్చింది. తక్కువగా వణికే తల్లిని ఎన్నుకొన్నా ఫలితం లేదు. దాని పిల్ల తీవ్రంగా వణకవచ్చును. రెండు స్పైడర్ జన్యువులు గల పాము ఇంతవరకు నిర్ధారణగా దొరకలేదు. అట్టి పిండం గ్రుడ్డులోనే నశిస్తున్నదని పలువురి అభిప్రాయం.

జర్మనీలోని పరిశోధకులు స్పైడర్ పాముల తలలను సూక్ష్మమైన ఎక్స్-రే పరికరాలతో చిత్రించి, 2022లో అసలు కారణాన్ని చూపారు. లోపలి చెవిలో శరీరపు నిలకడను గ్రహించే అర్ధవర్తుల కుల్యలు, సాక్యులస్ అనే సంచి వికృతంగా ఏర్పడి ఉన్నవి. పాముకు బయటి చెవి లేదు గాని ఈ లోపలి చెవి ఉంది. ఏది పైన, ఏది క్రింద అన్నది దానికి తెలిపేది ఇదే. రంగుకూ చెవికీ సంబంధమేమి? పిండంలో వెన్నుపాము ఏర్పడేచోటునుండి నాడీశిఖ కణాలనేవి బయలుదేరి ఒళ్ళంతా వ్యాపిస్తవి. చర్మంలోని వర్ణకణాలు వాటినుండే పుడతవి. లోపలి చెవి నిర్మాణంలోను వాటికి పాలు ఉంది. తెల్లని ఒళ్ళు, నీలికళ్ళు గల పిల్లులకు తరచు చెవుడు ఉంటుందన్న సంగతిని డార్విన్ 1859లోనే తన గ్రంథంలో ప్రస్తావించాడు. అది కూడ ఈ కోవలోనిదే. జన్యువు అనగా ఒంటిమీద పూసే రంగుడబ్బా కాదు. అది పిండంలో ఎన్నో చోట్ల ఎన్నో పనులు చేస్తుంది. వాటిలో ఒకటిమాత్రమే మన కంటబడుతుంది.

బ్రిటనులో సరీసృపాల సంతలు జరిపే ఒక సంఘంవారు 2018లో స్పైడర్ పాముల అమ్మకాన్ని తమ సంతలలో నిషేధించారు. ఆ పాములు తింటున్నవి, గ్రుడ్లు పెడుతున్నవి, దీర్ఘకాలం బ్రతుకుతున్నవి గదా అని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. బ్రతకడం వేరు, నేల ఎటు ఉన్నదో తెలిసి బ్రతకడం వేరు. సన్నగీతల అందమే కావలెనంటే అట్టి వణుకులేని పిన్‌స్ట్రైప్ ఉండనే ఉంది. స్పైడర్ ఒక్కటే కాదు. షాంపేన్ అనే రకంలోను వణుకు కనబడుతుంది. కారమెల్ అల్బినోలో వెన్నెముక వంకరలు, డెజర్ట్ రకం ఆడపాములలో సంతానలేమి పెంపకందారులకు తెలిసినవే. కొన్ని రకాలలో ఒక జన్యువుతో హానిలేదు, రెండు కూడితేనే దోషం బయటపడుతుంది. అందుచేత పుట్టబోయే పిల్లలు ఎంత ఖరీదు చేస్తవని అడిగేముందు, ఈ జన్యువు ఒకటి ఉంటే ఏమి, రెండు ఉంటే ఏమి అని అడగవలెను. ఈ ప్రశ్నకు తడుముకొనే అమ్మకందారువద్ద కొనకపోవడం మంచిది.

జన్యువు మంచిదైనా ఎన్నుకొన్న పాము మంచిది కావలెను. ఒకే రంగుభేదంలో గూడ ఎచ్చుతగ్గులు ఉంటవి. పాస్టెల్ రకం పిల్లలు పసుపుపచ్చగా మెరుస్తవి గాని వాటిలో చాలా పెరిగేకొద్దీ మసకబారి గోధుమవన్నెకు తిరుగుతవి. పిల్లను చూచి మురిసిపోక, ఈడు వచ్చిన తల్లిదండ్రులను చూడమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. వెన్నెముక తలనుండి తోకవరకు తిన్నగా ఉండవలెను. కళ్ళు తేటగా ఉండవలెను. నోట నురగ, ఊపిరిలో ఈలచప్పుడు ఉండరాదు. పొలుసుల సందులలో నల్లని చుక్కలవలె కదిలే పురుగులు ఉండరాదు. క్రమంగా తింటున్నదన్న ఆధారం చూడవలెను. ఈ జాతి నెలలకొలది ఉపవాసం ఉండడంలో పేరుపడ్డది. కొండచిలువల ఊపిరితిత్తులకు సోకే నిడోవైరస్ అనే అంటువ్యాధి కారకాన్ని 2014లో గుర్తించారు. దానికి పరీక్ష ఉంది. మందు లేదు. క్రొత్త పామును మూడు నెలలు వేరుగదిలో ఉంచి, పరీక్ష చేయించిన తరువాతనే మిగిలినవాటితో చేర్చడం మంచి పద్ధతి. ఈ ఎంపిక ఎంతకాలానికి సంబంధించినదో ఒక సంగతి చెప్తుంది. అమెరికాలో సెయింట్ లూయీ జంతుప్రదర్శనశాలకు 1961లో చేరిన ఒక ఆడపాము 2020 జూలైలో ఏడు గ్రుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయస్సు అరవై దాటిందని అక్కడివారి అంచనా.

మన దేశంలో ఈ పాము అడవులలో లేదు. మన అడవులలోని కొండచిలువను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది కనుక దానిని పట్టడం, ఇంట పెంచడం నేరం. బంతి కొండచిలువ అంతర్జాతీయ వన్యజీవి వర్తక ఒడంబడికలోని రెండవ అనుబంధానికి చెందినది. 2022లో చేసిన సవరణ ప్రకారం అట్టి విదేశీ ప్రాణిని కలిగి ఉన్నవారు దానిని నమోదు చేయించుకొనవలెను. పుట్టిన పిల్లలను, చనిపోయినవాటిని, చేతులు మారినవాటిని గురించి కూడ అధికారులకు తెలుపవలెను. స్వస్థానంలో దీని సంఖ్య తగ్గుతున్నందున అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘంవారు దీనిని ప్రమాదపు అంచుకు చేరువగా ఉన్న జాతుల పట్టికలో చేర్చారు. పెంపకంలో పుట్టిన రంగుల పాములు ఎన్ని ఉన్నా, ఆ పట్టికవారు లెక్కలోకి తీసుకొనేది పశ్చిమ ఆఫ్రికా బొరియలలో మిగిలిన గోధుమవన్నె పాములనే.